మెట్ల మీద చెప్పే అబద్ధం

మా డాక్టరుగారు ఆదివారం వచ్చేవారు. పొద్దుటి పేషెంట్లను చూసి, క్లినిక్ షటర్ దించి, భోజనానికి ఇంటికి వెళ్తూ మా ఇంటి ముందు స్కూటర్ ఆపేవారు. హారన్ కొట్టేవారు కాదు, ఒకసారి గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే మా అమ్మ, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయి మంచాన ఉన్న మనిషి, కుడిచేత్తో దుప్పటి సర్దుకుని "వచ్చాడే డాక్టరు, నా జుట్టు కాస్త దువ్వు" అనేది. "ఎనభై దాటాక నీకీ సోకులేమిటే?" అని కసురుతూనే దువ్వేదాన్ని.

శంషాబాద్‌లో పాత బెంగుళూరు రోడ్డు వెనక సందులో మాది పై వాటా. కింద ఇంటి ఓనరక్క ఉండేది. వాళ్ళది కొత్వాల్‌గూడ. ఎయిర్‌పోర్టు వచ్చాక పొలాలు అమ్ముకుని ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. మేం బాపట్ల వైపు నుంచి వచ్చినవాళ్ళం. ఎయిర్‌పోర్టు కార్గోలో నాకు ఉద్యోగం, మావారు అక్కడే బస్సుల దగ్గర సూపర్‌వైజరు. నేను ఒక్కతే కూతుర్ని కాబట్టి నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చేసింది. వచ్చిన కొత్తలో బాగా నడిచేది. మెట్లు దిగి కూరగాయల బండి దగ్గర బేరమాడేది, ఇక్కడి వంకాయలకు రుచే లేదని బండివాడితో తగువు పెట్టుకునేది.

ఆవిడ అలా నడుస్తుండబట్టే మాకు ఆ ఇల్లు దొరికింది. ఈ ఊళ్ళో ఇల్లు అడగడానికి వెళ్తే ముందు అదే అడుగుతారు, "ఇంట్ల ముసలోళ్ళున్నరా? మంచిగ తిరుగుతరా?" అని. ఎందుకో అద్దె ఇళ్ళల్లో బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు, సొంత ఇళ్ళవాళ్ళ కోసం చెప్తున్నాను. అద్దె ఇంట్లో మనిషి చచ్చిపోకూడదు. బతికున్నన్నాళ్ళు ఉండొచ్చు, చావు మాత్రం ఇంకెక్కడైనా చూసుకోవాలి. ఆస్పత్రిలో పోయినా సరే, శవాన్ని గేటు దాటి లోపలికి తేనివ్వరు. వీధిలో టెంటు వేసుకుని అక్కడే ఏడవాలి. మా ఆఫీసులో పనిచేసే ఒకాయన తండ్రిని అలాగే రోడ్డు మీద పడుకోబెట్టాడు. స్కూలు బస్సు వస్తుంటే శవాన్ని పక్కకు జరిపారట.

డాక్టరుగారిది బజారులో ఒక్క షటరు గది. రెండు బెంచీలు, ఒక కర్టెన్, కర్టెన్ వెనక ఆయన. ఎయిర్‌పోర్టు లేనప్పుడు, ఈ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలున్నప్పుడు వచ్చి కూర్చున్న మనిషి. అమ్మ బీపీకి, షుగర్‌కి ఆయన దగ్గరికే నడుచుకుంటూ వెళ్ళేది. ఆయన మందు రాసేముందు "నిన్న ఏం తిన్నవ్ పెద్దమ్మా?" అని అడిగేవారు. అమ్మ అబద్ధం చెప్పేది. ఆయన నా మొహం చూసేవారు. నేను బెల్లం సంగతి బయటపెట్టేదాన్ని. దారంతా అమ్మ నన్ను తిట్టిపోసేది, "ఇంటిగుట్టు వీధిలో పెట్టే దానివి నువ్వేం కూతురివే" అని.

పక్షవాతం వచ్చినప్పుడు మాత్రం సిటీలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పంపించింది కూడా ఆయనే, నిమిషం ఆలస్యం చెయ్యనివ్వలేదు. ప్రాణం దక్కింది. కానీ అక్కడ అద్దాల గదిలో ఒంటరిగా పడున్న రోజులు అమ్మ మర్చిపోలేదు. ఇంటికొచ్చాక "పక్కన ఎవరున్నారో తెలియదు, పగలో రాత్రో తెలియదు, దాహమంటే వినేవాడు లేడు. ఇంకోసారి నన్ను అక్కడ పారేస్తే నీ కూడు ముట్టను" అంది. మందులు సంచీనిండా తెచ్చాం. డాక్టరుగారు ఆ ఆదివారం వాటన్నిటినీ మంచం మీద పోసి, కళ్ళజోడు పైకి నెట్టి ఒక్కొక్కటీ చూశారు.

"ఇది గుండె సార్ రాసిండు. ఇది నరాల సార్ రాసిండు. ఇద్దరు రాసింది ఒక్కటే గోలి, పేర్లు వేరు. ఒకరి మొఖం ఒకరు చూసుకోలే" అన్నారు. వాళ్ళతో ఫోన్లో మాట్లాడి, కొన్ని మాన్పించి, నాలుగు మిగిల్చారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చారు. అమ్మను పక్కకు ఎలా తిప్పాలో, వీపుకు పుండ్లు పడకుండా ఎలా చూడాలో, మడమలు పరుపుకు ఆనకుండా కాళ్ళకింద దిండు ఎక్కడ పెట్టాలో నా చేత చేయించి నేర్పారు. మింగడం కష్టమైనప్పుడు జావ ఎంత చిక్కగా ఉండాలో చెప్పి, తనే ఒక చెంచా నోట్లో వేసుకుని "ఉప్పేది బిడ్డా? ముసలోళ్ళకు నాలుక ఉండదా?" అని నామీద కేకలేశారు. నేనూ ఊరుకునే రకం కాదు, "బీపీకి ఉప్పు వద్దన్నది మీరేగా" అన్నాను. "అప్పుడు బతకనీకి వద్దన్న. ఇప్పుడు తిననీకి ఎయ్యమంటున్న" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు వెంటనే తెలిసింది. తెలియనట్టు వంటింట్లోకి వెళ్ళాను.

ఆయన మెట్లు దిగేసరికి ఓనరక్క కింద టీ గ్లాసుతో నిలబడి ఉండేది. అది ఆవిడ అలవాటు. టీ ఇచ్చి అడిగేది.

"ఎట్లున్నది సార్ పెద్దమ్మ?"

"ఆమెకేంది? మనకన్న గట్టిగున్నది. మనల్ని పంపిచ్చినంకనే పోతది!"

ఆ మాట కావాలని గట్టిగా అనేవారు, పైన అమ్మకు వినబడేలా. అమ్మ మంచంలో కిసుక్కున నవ్వేది. ఓనరక్క మొహంలో బరువు దిగినట్టు కనబడేది. ఆయన టీ తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు. అమ్మ రోజురోజుకీ తగ్గిపోతుంటే ఆ జవాబు మాత్రం తగ్గలేదు. నిజం చెప్పాలంటే నేను కూడా దానికోసం మెట్ల తలుపు దగ్గర చెవి పెట్టుకుని నిలబడేదాన్ని.

ఓనరక్క రాక్షసి కాదు. అయ్యుంటే ఎంత బాగుండేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని! నాది పొద్దుటి డ్యూటీ, మావారిది మధ్యాహ్నం డ్యూటీ. ఆయన వెళ్ళి నేను వచ్చేలోపు అమ్మ దగ్గర ఎవరూ ఉండరు. ఆ వేళకు అక్క పైకి వచ్చేది. ఎవరూ అడగలేదు, తనకు తనే వచ్చేది. అమ్మకు జావ తాగించేది, కాళ్ళకు నూనె రాసేది, ఇద్దరూ కలిసి టీవీలో సీరియల్ చూసి అందులో అత్తగారిని తిట్టేవాళ్ళు. అమ్మ భాష ఆవిడకు సగం అర్థమయ్యేది కాదు, ఆవిడ భాష అమ్మకు సగం అర్థమయ్యేది కాదు. తిట్లు మాత్రం ఇద్దరికీ కలిసిపోయేవి.

ఒకసారి నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్క నూనె చేతులు తుడుచుకుంటూ తనంతట తనే చెప్పింది. "చెల్లె, ఒక మాట చెప్త, ఏమనుకోకు. మా మామ పోయిన నాడు నక్షత్రం మంచిగ లేకుండె. పంతులు ఇల్లు పాడువెట్టాలె అన్నడు. ఇంటికి తాళమేసి పొలంకాడ కొట్టంల ఉన్నం. వానకాలం. మా నడిపోడు పాలు తాగే పిలగాడు. ఆ కొట్టంల వానికి జరమొచ్చింది, పోయిండు. ఒక్క చావుకు రెండు చావులైనయ్. పెద్దమ్మకు ఎంత చాకిరన్న చేస్త. గా ఒక్కటి మాత్రం నా ఇంట్ల వద్దు."

ఆవిడ భయం నాకు మూఢనమ్మకమే. కానీ ఆవిడ దానికి ఒక బిడ్డను పోగొట్టుకుంది. అలాంటి మనిషితో వాదించడానికి నా దగ్గర ఏముంది?

ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాను. ఆయనకు అప్పటికే తెలుసు. ఆ పిల్లవాడికి చివర్లో సూది వేసింది ఆయనేనట. "అందుకే గద బిడ్డా నేను మెట్లమీద గట్ల చెప్పేది" అన్నారు. నన్ను బాల్కనీలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేశారు. పైన విమానం పోతుంటే ఆగి, అది పోయాక మాట్లాడారు.

"ఇగ మందులతోటి అయ్యేది ఏం లేదు. దినాలో నెలలో నేను చెప్పలేను. పెద్ద దవాఖానకు తీస్కపోతే పైపులు వేస్తరు. నా మంచం మీద, నా బిడ్డ చెయ్యి పట్టుకోని పోత అన్నది మీ అమ్మ. నేను మాటిచ్చిన. అయినప్పుడు నాకు ఫోన్ చెయ్యి. నేనొచ్చి చూసి, కాయితం రాసిస్త. కాయితంల నిజమే రాస్త. పానమున్నట్టే కుర్చీల దించుదం, ఓనరమ్మకు మాత్రం నా దవాఖానల పోయిందని నోటితోటి చెప్త. ఆమెకు ఇల్లు పాడువెట్టే బాధ ఉండదు."

"మరి ఆ తర్వాత సార్? మా వాళ్ళు రావాలి, చూడాలి. వీధిలో పెట్టలేను."

"వీధిల ఎందుకు పెడతవ్? బెంచీలు తీసేస్తే నా షటర్ల పెద్దమ్మ పడుకునేంత జాగ ఉన్నది. అందరు అక్కడికే వస్తరు. అది నా సొంతం. నాకు మాలిక్ లేడు, నన్ను ఎవడడుగుతడు?"

నేను ఏడ్చాను. ఎవరైనా మన చావుకి చోటు చూపిస్తే ఇంత ఉపశమనంగా ఉంటుందని నాకు తెలియదు. ఆ రోజునుంచి అమ్మ పోతుందన్న దిగులుంది గాని, ఎక్కడ పోతుందన్న భయం పోయింది. మళ్ళీ నిద్రపట్టింది కూడా.

తర్వాత ఒక ఆదివారం దగ్గు వినబడలేదు. అమ్మ జుట్టు దువ్వించుకుని కూర్చుంది. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. "భోజనానికి లేటవుతుంది పాపం" అంటూనే ఉంది. సాయంత్రం ఆయన కూతురు ఫోన్ చేసింది. బాత్రూమ్‌లో పడ్డారట, తుంటి విరిగిందట. ఆపరేషన్ చేయించి సిటీలో తన ఇంటికి తీసుకెళ్ళింది. ఆపరేషన్ తర్వాత మనిషి మునుపటిలా లేరని మరోసారి ఫోన్లో చెప్పింది. ఒకరోజు బాగానే ఉంటారట, ఒకరోజు ఎప్పుడో చచ్చిపోయిన పేషెంట్ల పేర్లు చెప్పి వాళ్ళ ఇంటికి పోవాలని లేస్తారట. ఆదివారం అయితే స్కూటర్ తాళం కోసం గొడవ. అమ్మకు నేను చెప్పలేదు. ఊరికెళ్ళారన్నాను. అమ్మ నావైపు చూసి దుప్పటి మీదికి లాక్కుంది.

అలా రెండు నెలలు పోయాక అమ్మకు ఊపిరిలో గురగుర మొదలైంది. మింగడం దాదాపు లేదు. ఎవరో ఒక డాక్టరు చూడాలి కదా! ఫ్లైఓవర్ దగ్గర కొత్తగా క్లినిక్ పెట్టిన కుర్ర డాక్టరుని అడిగాను. వస్తానన్నాడు. మర్యాదస్తుడు. ఇంటికి వెళ్ళి పేషెంట్లను చూడటం అలవాటు లేదన్నాడు, అయినా ఒప్పుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం, నేను డ్యూటీ దిగి వచ్చే వేళకు వస్తానన్నాడు.

ఆ మర్నాడే గల్ఫ్ నుంచి రెండు పెట్టెలు దిగాయి. మా కార్గోలో ఇది మామూలే. అక్కడ పనికి వెళ్ళి చచ్చిపోయినవాళ్ళను పెట్టెల్లో పంపిస్తారు. బయట వాళ్ళ ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులు అంబులెన్స్ పెట్టుకుని తెల్లవారుజామునుంచి కూర్చుని ఉంటారు. కాగితాలన్నీ సరిచూసి వదిలేదాకా నేను కదలడానికి లేదు. ఆ రోజు ఒక కాగితంలో ఏదో తేడా వచ్చింది. గోడ అవతల ఆ చనిపోయినవాడి భార్య ఏడుస్తోంది, ఆవిణ్ణి వదిలేసి ఎలా వస్తాను? ఓనరక్కకు ఫోన్ చేశాను. "కొత్త డాక్టరు వస్తాడక్కా, అమ్మ దగ్గర ఉండవా" అన్నాను. "నేనున్న, నువ్వు పరేషాన్ గాకు" అంది.

కుర్ర డాక్టరు వచ్చేసరికి అక్క అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని, నోటినుంచి కారుతున్న జావ తన చీరకొంగుతో తుడుస్తోందట. ఎవరైనా కూతురనే అనుకుంటారు. ఆయనా అదే అనుకున్నాడు. చూడాల్సిందంతా చూశాడు. మెట్లు దిగుతుంటే అక్క వెనకాలే దిగి, టీ గ్లాసు ఇచ్చి అలవాటుగా అడిగింది.

"ఎట్లున్నది సార్ పెద్దమ్మ?"

ఆయన మెట్ల మీద ఆగాడట. గొంతు తగ్గించి చెప్పాడట. "వారం కూడా కష్టమేనమ్మా. దగ్గరివాళ్ళకు చెప్పుకోండి. హాస్పిటల్‌కు తీసుకెళ్ళి ఆవిడను బాధపెట్టొద్దు, ఇంట్లోనే ప్రశాంతంగా పోనివ్వండి."

ఇందులో తప్పేముంది? ఇంటివాళ్ళకు చెప్పాల్సింది ఎలా చెప్పాలో అలాగే చెప్పాడు. ఆ మాటలు విన్నది నేనయితే ఆయన చేతులు పట్టుకుని దణ్ణం పెట్టేదాన్ని. ఆ మెట్ల మీద నిజం చెప్పకూడదని ఆయనకు చెప్పడం ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

నేను ఇల్లు చేరేసరికి అక్క పై వాటా గుమ్మంలో కూర్చుని ఉంది. అప్పటికే పంతులు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి.

"చెల్లె, ఎల్లుండి నుంచి ధనిష్ఠ వస్తది. అయిదు నక్షత్రాలు వరుసగ, ఒక్కటి గూడ మంచిది గాదట. ఆ అయిదు దినాలు పెద్దమ్మను దవాఖానల వెయ్యి. దాటినంక నువ్వే తెచ్చుకో. నేనే ఎదురొచ్చి లోపటికి తీస్కపోత."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా అమ్మ ప్రాణం మీ పంతులు చెప్పిన టైముకి పోవాలా? ఇన్నాళ్ళూ ఆవిడ నోరు తుడిచినదానివి, ఇప్పుడు బయటికి ఈడుస్తావా? నువ్వసలు మనిషివేనా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆవిడ వంగి నా కాళ్ళు పట్టుకుంది. "నీ కాళ్ళు మొక్కుత చెల్లె. నా కోడలు నెలలు నిండుకోని ఉన్నది. మళ్ళ ఆ కొట్టం నాకు చూపియ్యకు" అంది. నాకంటే పెద్దది, నా కాళ్ళమీద. ఛీ, ఏం బతుకు అనిపించింది.

లోపలికి వెళ్ళి డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయనే ఎత్తారు. గొంతు సన్నబడింది గాని మాట తేటగా ఉంది. చెప్పిందంతా విన్నారు.

"ఏడుస్తవెందుకు? నా షటర్ లేదా? ఇప్పుడే పెద్దమ్మను తీస్కపోయి మంచమేసి పండుకోబెట్టు. అయిదు దినాలు గాదు, ఎన్ని దినాలైనా ఉండనీ. తాళం నా దగ్గరనే ఉన్నది, దిండు కింద పెట్టుకున్న. ఎవరినన్న పంపు" అన్నారు.

ప్రాణం లేచి వచ్చింది. మావారిని పంపిస్తున్నానని అంటుండగా ఫోన్ చేతులు మారింది. ఆయన కూతురు పక్కగదిలోకి వెళ్ళి గుసగుసగా మాట్లాడింది.

"ఆంటీ, క్లినిక్ మేము అద్దెకిచ్చేశాం. పోయిన నెలే. అందులో సెల్‌ఫోన్ షాపు పెట్టారు. నాన్నకు చెప్పలేదు. ఆ తాళంచెవి చేతిలో ఉంటే నిద్రపోతున్నారని వదిలేశాం. సారీ ఆంటీ."

సరేనన్నాను. ఆ అమ్మాయికి ఆస్పత్రి బిల్లులున్నాయి, తండ్రి మంచాన ఉన్నాడు, ఆ గది ఊరికే మూసి పెట్టుకుంటుందా? ఆయన లేరని నేను అటువైపు వెళ్ళడమే మానేశాను, తర్వాత వెళ్ళినప్పుడు చూశాను. బెంచీలున్న చోట రంగురంగుల కవర్లు వేలాడుతున్నాయి.

ఇంకెవరున్నారు? బంధువులకు ఫోన్లు చేశాను. అద్దె ఇళ్ళవాళ్ళది మా సంగతే. సొంత ఫ్లాటున్నవాళ్ళకు పిల్లల పరీక్షలు. ఒకరింట్లో గోడలకు రంగులు వేస్తున్నారు. అందరూ చివర్లో "జాగ్రత్తగా చూసుకో" అన్నారు. నా బొంద, ఏం చూసుకోను? డ్యూటీ నుంచి వచ్చిన మావారు తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు.

అమ్మ అంతా విన్నది. చెవులకేం రోగం? నేను పక్కన కూర్చుంటే కళ్ళు తెరిచింది. ఒక్కో మాటా కూడబలుక్కుని అంది. "గొడవ పడకే. అన్నం తినిపించిన మనిషి. పోదాం పద." అంతే, మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇంకోసారి పారేస్తే కూడు ముట్టనన్న అమ్మే ఆ మాట అంది. అంతకంటే నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి దించారు. ముందు ఇద్దరు అంబులెన్స్ మనుషులు, వెనక మావారు. మెట్ల మలుపులో కుర్చీ వంగితే ఓనరక్క పరుగున వచ్చి అమ్మ కాళ్ళు పట్టుకుంది, గోడకు తగలకుండా. వెక్కి వెక్కి ఏడుస్తూనే పట్టుకుంది. అంబులెన్స్‌లోకి ఎక్కించాక అమ్మ నన్ను అడిగింది, "డాక్టరు వచ్చాడా?" అని. "ఆదివారం వస్తారమ్మా" అన్నాను. బండి ఔటర్ రింగు రోడ్డు ఎక్కింది. అక్కడ్నుంచి హిమాయత్ సాగర్ నీళ్ళు కనిపిస్తాయి, అమ్మకు ఆ నీళ్ళంటే ఇష్టం. అంబులెన్స్ అద్దాలకు తెల్లరంగు వేసి ఉంది. ఏమీ కనబడలేదు.

ఆస్పత్రిలో నేను మొదటే చెప్పాను, పైపులొద్దు, ఊరికే మంచం ఇవ్వండి, నేను పక్కన కూర్చుంటాను అని. ఆ డ్యూటీ డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. "ఏ వైద్యం వద్దంటే మేం చేర్చుకోలేం మేడమ్. ఇంటికి తీసుకెళ్ళండి." ఇంటికి! ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. సంతకం పెట్టాను. అమ్మను లోపలికి తోసుకెళ్ళారు, అద్దాల తలుపు మూసుకుంది. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చూడనిచ్చేవారు. నోట్లో పైపు ఉంది కాబట్టి మాట లేదు. చెయ్యి కట్టేశారు, పీక్కోకుండా. కట్టిన చేతి వేళ్ళు పట్టుకుని నిలబడితే గంట కొట్టి బయటికి పొమ్మనేవారు. మడమల కింద దిండు పెట్టమని అడిగాను. సరే అన్నారు. సాయంత్రం వెళ్ళి చూస్తే దిండు లేదు.

అమ్మ ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నేను బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. ఒక నర్సు వచ్చి అమ్మ పేరు పిలిచి "ఎవరు?" అంది, నేను లేచి నిలబడ్డాను. అయిదు నక్షత్రాల్లో ఏ నక్షత్రమో నేను చూడలేదు. ఆస్పత్రి నుంచి నేరుగా శ్మశానానికే తీసుకెళ్ళాం. మా ఆఫీసులో దిగే పెట్టెలు గుర్తొచ్చాయి. సముద్రం అవతల చచ్చిపోయినవాడు కూడా ఇంటికే పోతాడు. వాడి కోసం వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ఉంచుతారు. మా అమ్మ ఊళ్ళోనే ఉండి ఇల్లు చేరలేకపోయింది. ఓనరక్క శ్మశానం గేటు బయట నిలబడి అందరికంటే ఎక్కువ ఏడ్చింది. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

ఆ ఇంట్లో ఉండలేక కర్మలవగానే వేరే ఇల్లు చూసుకున్నాం. కొత్త ఓనరు గేటు దగ్గరే నిలబెట్టి అడిగాడు, "ఇంట్ల ముసలోళ్ళున్నరా?" అని. "లేరు" అన్నాను. అప్పటికప్పుడే తాళంచెవి చేతిలో పెట్టాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. డాక్టరుగారి కూతురు. ఆ వేళకు ఆయన స్కూటర్ తాళం ఇమ్మని మంచం దిగబోతున్నారట, ఒకసారి మాట్లాడితే ఊరుకుంటారట. "అమ్మమ్మ పోయిన సంగతి చెప్పకండి ఆంటీ, ఆయన తట్టుకోలేరు" అని బతిమాలి ఫోన్ ఇచ్చింది. అటునుంచి ముందు దగ్గు వినబడింది. తర్వాత గొంతు.

"ఎట్లున్నది బిడ్డా పెద్దమ్మ?"

చెప్పేద్దామనే అనుకున్నాను. మీరిచ్చిన మాట గాలికి పోయింది, చెయ్యి కట్టేసి చంపారు, నేను పక్కన లేను, అని అరవాలనుకున్నాను. ఆయన ఊపిరి వినబడుతోంది, జవాబు కోసం ఆగారు.

"ఆవిడకేం సార్? మనకన్నా గట్టిగా ఉంది. మనల్ని పంపించాకే పోతుంది."

ఆయన పడీ పడీ నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "రాత్రి గోలి సగం చెయ్యి. మడమల కింద దిండు పెడుతున్నవా?" అన్నారు. పెడుతున్నానన్నాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఇదే. కొన్ని ఆదివారాలు నా గొంతు కూడా గుర్తుపట్టరు, అమ్మను మాత్రం అడుగుతారు. చివర్లో ఆ ఒక్క మాట తప్పకుండా చెప్తారు.

"నా షటర్ ఉన్నది బిడ్డా, ఫికర్ చెయ్యకు. తాళం నా దగ్గరనే ఉన్నది."

"మీ దగ్గరే ఉంచండి సార్" అంటాను. "అవసరమైనప్పుడు నేనే అడుగుతాను."